కొలతలన్నీ సరిగ్గానే ఉన్నా చొక్కా ఎందుకు కుదరదు?

వరంగల్ బట్టలబజారులో ఏ దుకాణం మెట్టెక్కినా, గల్లాపెట్టె వెనక కూర్చున్న పెద్దమనిషి మనల్ని కింది నుంచి మీది దాకా ఒక్క చూపు చూసి, "ప్యాంటుకు 1.20, అంగికి 1.60 సరిపోతది" అని టేపు ముట్టుకోకుండానే చెప్పేస్తాడు. ఆ లెక్క తప్పడం అరుదు. 58 అంగుళాల పన్నా (అంటే వెడల్పు) ఉన్న గుడ్డలో సగటు ఎత్తు మనిషికి నిండుచేతుల చొక్కా 1.60 మీటర్లలో వచ్చేస్తుంది. 36 అంగుళాల పన్నా అయితే అదే చొక్కాకు 2.25 మీటర్లు, మనిషి కాస్త భారీగా ఉంటే రెండున్నర కావాలి. చిక్కంతా ఆ గుడ్డ పట్టుకుని టైలరు దగ్గరికి వెళ్లిన తర్వాతే మొదలవుతుంది. వారం తిరిగాక తెచ్చుకున్న చొక్కాకు టేపు పెట్టి చూస్తే భుజం సరే, ఛాతీ సరే, చేయి పొడవు సరే. అయినా బస్సులో పైకడ్డీ పట్టుకోవడానికి చేయెత్తితే చొక్కా అంచంతా ప్యాంటులోంచి బయటికొస్తుంది, మెడ కింద వీపు మీద అడ్డంగా ఒక మడత పడుతుంది, ఒక భుజం అతికినట్టుండి రెండోది జారినట్టుంటుంది. టైలరును నిలదీస్తే తన పుస్తకం తెరిచి అంకెలు చూపిస్తాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

కొలత సరిపోవడం వేరు, బట్ట కుదరడం వేరు. టేపు చుట్టుకొలత చెబుతుంది కానీ ఆ చుట్టుకొలతలో కండ ఎటువైపు ఉందో చెప్పదు. మగవాళ్ల బట్టల విషయంలో ఈమధ్య హన్మకొండ చౌరస్తా బోర్డుల మీదికి కూడా ఎక్కిన బెస్పోక్, మేడ్ టు మెజర్ అనే మాటల మధ్య తేడా అంతా నిజానికి ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. కానీ ఆ మాటలను వాడేవాళ్లలో చాలామంది వాటిని "ఖరీదైనది" అనే అర్థంలోనే వాడుతున్నారు కాబట్టి ముందు వాటిని విడదీసి చూడాలి.

రెడీమేడ్ సంగతి అందరికీ తెలిసిందే: ఎవరో ఊహించుకున్న ఒక సగటు శరీరానికి కుట్టి, 38, 40, 42 అని సైజులు పెట్టి అమ్ముతారు. మేడ్ టు మెజర్ అంటే అదే సగటు శరీరపు నమూనాను తీసుకుని మన కొలతలను బట్టి చేయి అర అంగుళం పెంచి, నడుము ఒక అంగుళం తగ్గించి కుట్టడం. పెద్ద బ్రాండ్ల షోరూముల్లో మనల్ని నిలబెట్టి కొలతలు తీసుకుని, ఆ వివరాలను దూరంగా ఉన్న ఫ్యాక్టరీకి పంపేది ఈ పద్ధతే. బెస్పోక్‌లో ముందే ఉన్న నమూనా అంటూ ఏదీ ఉండదు. ఆ ఒక్క మనిషి కోసం కొత్తగా కాగితం మీద నమూనా గీసి, దాని ప్రకారం గుడ్డ కోసి, తర్వాత విప్పేందుకు వీలుగా పచ్చికుట్టు (కచ్చా కుట్టు) వేసి, మనిషి ఒంటి మీద పెట్టి చూసి, విప్పి, దిద్ది, మళ్లీ కుడతారు. ఇంగ్లీషులో ఆ మాటకు మూలం "ముందే చెప్పి ఉంచినది" అని. దుకాణంలోని ఫలానా గుడ్డ ఫలానా వారిదని మాట అయిపోయిందన్నమాట.

ఈ పనికి పేరుపడ్డ వీధి లండన్‌లోని సావిల్ రో. అక్కడి దర్జీలు 2004లో ఒక సంఘంగా ఏర్పడి, తమ సూటుకు కనీసం 50 గంటల చేతిపని ఉండాలని నియమం పెట్టుకున్నారు. అయినా ఆ మాట వాళ్ల సొంతం కాలేదు. మిషను మీద కుట్టిన సూటును కూడా బెస్పోక్ అని ప్రకటించుకోవచ్చునని బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థ 2008లో తేల్చింది. అందువల్ల ఇవాళ బోర్డు మీద ఆ మాట కనబడితే అది దేనికీ హామీ కాదు. మీ కోసం కొత్తగా గీశారా, కుట్టడం పూర్తికాకముందు మీ ఒంటి మీద పెట్టి చూశారా అనే రెండు ప్రశ్నలే అసలు గుర్తు.

మరి మన గల్లీలోని టైలరు చేసేది వీటిలో ఏది? విచిత్రమేమిటంటే ఏదీ కాదు. ఆయన దగ్గర సగటు శరీరపు కాగితం నమూనా ఉండదు. మన కొలతలను చూసుకుంటూ సుద్దతో నేరుగా గుడ్డ మీదే గీస్తాడు. ఆ లెక్కన షోరూము పద్ధతి కన్నా ఆయన పనే బెస్పోక్‌కు దగ్గర. తెలుగులో "కుట్టించుకోవడం" అనే మాటలోనే ఇద్దరు మనుషులున్నారు, చెప్పేవాడూ కుట్టేవాడూ. తెలంగాణ ఊళ్లలో తరతరాలుగా కుట్టుపని వృత్తిగా బతికిన మేరవాళ్ల ఇళ్లలో ఆ ఇద్దరి మధ్య పరిచయం కూడా ఉండేది, మనిషి నడక ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఇవాళ్టి పద్ధతిలో గీత మనదే, కత్తెర మనదే, కానీ పనిలో సగం తెగిపోయింది. పచ్చికుట్టు మీద ఒంటికి పెట్టి చూసే ఆ సగం పేరు ట్రయల్.

అంకెకు అందనిది

పుస్తకంలోని అంకెలు చొక్కాగా మారే దారిలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మాస్టరు మన నుంచి తీసుకునే కొలతలు ఏడెనిమిది: పొడవు, భుజం, చేయి, కఫ్, ఛాతీ, పొట్ట, సీటు, కాలరు. చొక్కాకు కావలసిన గీతలు అంతకన్నా చాలా ఎక్కువ. మిగిలిన వాటిని ఆయన ఉన్న కొలతల్లోంచి లెక్కకడతాడు. చేయి అతికే చోటు, అంటే ఆర్మ్‌హోల్, ఎంత లోతుండాలన్నది ఛాతీలో ఇన్నో వంతు అని పట్టుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇది మన దగ్గర పుట్టిన అలవాటు కాదు. అంగుళాల టేపు రాకముందు యూరప్‌లో దర్జీలు ఒక్కో మనిషికి ఒక్కో కాగితపు పట్టీ పెట్టుకుని దాని మీద గాట్లు పెట్టుకునేవారు. 19వ శతాబ్దంలో టేపు వాడుకలోకి వచ్చాక ఒక కొలత నుంచి మిగిలినవన్నీ రాబట్టే సూత్రాలు పుట్టుకొచ్చాయి. సగటు మనిషికి ఆ సూత్రాలు బాగానే పనిచేస్తాయి.

సగటు కాని మనిషికి ఏమవుతుందో చూడండి. ఇద్దరికీ ఛాతీ 40 అనుకుందాం. ఒకాయన వాలీబాల్ ఆడిన మనిషి, కండంతా వీపులో ఉంది. రెండో ఆయన బల్ల ముందు పదిహేనేళ్లు కూర్చున్న గుమాస్తా, వీపు సన్నం, ముందు భాగం బరువు. సూత్రం ఇద్దరికీ ఒకే ముందుభాగం, ఒకే వెనకభాగం గీస్తుంది. మొదటి ఆయనకు వీపు బిగుస్తుంది, రెండో ఆయనకు వీపులో గుడ్డ గాలిబుడగలా నిలుస్తుంది. ఇంకో ఉదాహరణ: మనిషి లావెక్కితే ఛాతీ అంకె 40 నుంచి 46కు పోతుంది, సూత్రం ప్రకారం ఆర్మ్‌హోల్ కూడా కిందికి దిగుతుంది. కానీ ఆ మనిషి చంక ఎక్కడున్నదో అక్కడే ఉంది! చంక కోత కిందికి దిగిన కొద్దీ చేయి ఎత్తినప్పుడు చొక్కా మొత్తాన్ని తనతో పాటు పైకి లాగుతుంది. బస్సులో అంచు బయటికి రావడానికి కారణం ఇదే, పొడవు తక్కువ కావడం కాదు. "లూజుగా ఉంటే చేయి బాగా ఆడుతది" అని మనవాళ్లు చంక దగ్గర గుడ్డ వదిలించుకుంటారు. నిజం దానికి సరిగ్గా తలకిందులు: చంక కోత పైకి, ఒంటికి దగ్గరగా ఉన్నప్పుడే చేయి స్వేచ్ఛగా కదులుతుంది, చొక్కా కదలదు.

భుజాలది మరో కథ. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో కుడి భుజం కొంచెం కిందికి ఉండటం మామూలు. పావు అంగుళం తేడాను కంటితో పట్టుకోలేం, చొక్కా మాత్రం పట్టేస్తుంది. ఆ వైపు ఛాతీ మీద మెడ నుంచి చంక వైపు ఏటవాలుగా ఒక ముడత కనబడుతుంది. నిలబడే తీరు కూడా అంతే. మెడ ముందుకు చాచి, వీపు కొంచెం గూని పెట్టి నిలబడేవాడికి వెనకభాగం పొడవు ఎక్కువ కావాలి, ముందుభాగం తక్కువ కావాలి. ఛాతీ విరుచుకుని నిలబడే పోలీసుకు సరిగ్గా దీనికి వ్యతిరేకం. టేపుతో ముందు పొడవును, వెనక పొడవును విడివిడిగా కొలిచే మాస్టర్లు ఉన్నారు కానీ చాలామంది వెనక పొడవు ఒక్కటే తీసి ముందు పొడవును అందులోంచే రాబడతారు.

అద్దం ముందు నిలబడ్డప్పుడు ముడతలను చదవడం వస్తే సగం సమస్య మన చేతిలోకి వస్తుంది. అడ్డంగా సాగిన ముడత ఆ చోట బిగువుందని చెబుతుంది. నిలువుగా వేలాడే ముడత అక్కడ గుడ్డ ఎక్కువైందని చెబుతుంది. ఏటవాలు ముడత వచ్చిందంటే లూజు టైటుల గొడవ కాదు, వాలు తప్పిందని అర్థం; అది భుజం దగ్గరో, నిలబడే తీరు దగ్గరో మొదలవుతుంది. ప్యాంటుకు కూడా ఇదే వ్యాకరణం. సీటు కింద తొడ వెనక ఏటవాలుగా పడే గీతలను చూసి "తొడ లూజు తగ్గించు" అని అడిగేవాళ్లే ఎక్కువ. తొడ తగ్గిస్తే గీతలు ఇంకా పెరుగుతాయి, ఎందుకంటే చాలాసార్లు తప్పు తొడలో లేదు, సీటు వెనక భాగపు వాలులో ఉంది.

ట్రయల్ ఎక్కడికి పోయింది

మా చెల్లె పెండ్లికి ఒక కోటు కుట్టించుకున్నాను. పేరున్న దుకాణమే, ఊరు చెప్పను. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ముందు నుంచి మచ్చలేదు. పెండ్లి ఫొటోల్లో పక్క నుంచి తీసినవి చూశాకే అర్థమైంది: కోటు కాలరుకు, చొక్కా కాలరుకు మధ్య రెండు వేళ్లు పట్టే సందు. వెళ్లి అడిగితే "ఇస్త్రీ చేస్తే కూసుంటది సార్" అన్నారు. రెండుసార్లు ఇస్త్రీ చేశారు, కూర్చోలేదు.

ఏడాది తర్వాత హన్మకొండలో ఒక పాత మాస్టరు దగ్గరికి ఆ కోటు తీసుకుపోయాను. ఆయన కోటును కాకుండా ముందు నన్ను చూశాడు. అద్దానికి వీపు పెట్టించి నిలబెట్టాడు. "ఊపిరి బిగబట్టకు సార్, మామూలుగ నిలవడు, ఏదో ఒకటి మాట్లాడు" అన్నాడు. నేను కాలేజీ సంగతులేవో చెబుతుంటే ఆయన మెడ వెనక వెన్నుపూస మీద బొటనవేలు పెట్టి, అక్కడి నుంచి భుజపుటెముకల మధ్యకు అరచేతిని జార్చాడు. తర్వాత చెప్పాడు: నాకు వీపులో గూని ఉంది, తల ముందుకు ఉంటుంది, కోటు మాత్రం నిటారు మనిషికి కోసినది. నా వీపు గుండ్రాన్ని దాటడానికి కోటు వెనకభాగానికి గుడ్డ చాలక, ఆ తక్కువను అది మెడ దగ్గర వదిలేసి తీర్చుకుంటోంది. ఇస్త్రీతో గుడ్డను కొంచెం సాగదీయవచ్చు కానీ లేని గుడ్డను పుట్టించలేం. రెండు భుజాల కుట్టు విప్పి చూస్తే లోపల మార్జిను, అంటే కుట్టు అవతల వదిలిన గుడ్డ, అర అంగుళం ఉంది. కావలసింది ముప్పావు అంగుళం. మిగిలిన పావును ఆయన ముందుభాగాన్ని పైకి తీసుకుని సర్దాడు. పూర్తిగా పోలేదు, ఒక వేలు సందు మిగిలింది. "మొదట్ల కచ్చా కుట్టు మీద చూసుంటే ఐదు నిమిషాల పని" అన్నాడు.

ఆ కచ్చా కుట్టు ఎందుకు కనుమరుగైంది? నైపుణ్యం పోయిందనడం తేలిక, కానీ నేను చూసినంతలో కారణం కూలి లెక్కలో ఉంది. పేరున్న దుకాణంలో కొలత తీసేది ఒకరు, కోసేది కటింగ్ మాస్టరు, కుట్టేది కారీగరు. చాలాచోట్ల కారీగరు దుకాణంలో కూడా ఉండడు; కట్ట కట్టిన ముక్కలు ఆయన ఇంటికి పోతాయి, కుట్టిన బట్ట తిరిగి వస్తుంది, కాజాలు, గుండీలు ఇంకెవరో చేస్తారు. కారీగరుకు పీసు లెక్కన డబ్బు. ట్రయల్ అంటే ఒకే బట్టను పచ్చికుట్టుతో ఒకసారి కుట్టి, విప్పి, దిద్దిన గీత మీద మళ్లీ కుట్టడం. రెండు పనులకు ఒక్క పీసు కూలి వస్తే ఏ కారీగరూ ఒప్పుకోడు, ఒప్పుకోవాలని అడగడం కూడా న్యాయం కాదు. మనల్ని చూసిన కన్ను ఒకటి, కోసిన చేయి ఒకటి, కుట్టిన చేయి ఇంకొకటి అయినప్పుడు ఈ ముగ్గురి మధ్య ప్రయాణించేది అంకెలున్న చీటీ ఒక్కటే. నా గూని ఆ చీటీలో ఎక్కలేదు.

ఇప్పుడు ట్రయల్ అని పిలుస్తున్నది చాలావరకు పూర్తయిన బట్టను వేసి చూసుకోవడం. కాజాలు పడిపోయి, జేబులు కుట్టేసి, మార్జిన్లు కత్తిరించి ఓవర్‌లాక్ చేసిన తర్వాత నడుము, చేయి పొడవు, ప్యాంటు అడుగు లాంటివి తప్ప ఏదీ మారదు. భుజం, చంక కోత, వెనకాముందుల పొడవు మార్చాలంటే బట్ట సగంలో ఉన్నప్పుడే చూడాలి.

కోటు కడుపులో ఏముంది

చొక్కా, ప్యాంటులను దాటి కోటు దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. కోటు ముందుభాగం నిలవడానికి గుడ్డకు, అస్తరుకు (లోపలి గుడ్డకు) మధ్య ఇంకో పొర ఉంటుంది. పాత పద్ధతిలో అది గుర్రపు వెంట్రుక కలిపి నేసిన క్యాన్వాస్. దాన్ని గుడ్డకు వేలకొద్దీ చిన్న చేతికుట్లతో, వదులుగా, ఛాతీ గుండ్రం వచ్చేలా పట్టిస్తారు. కొత్త పద్ధతిలో జిగురు పూసిన బకరాన్ని (బిరుసుదనం కోసం వేసే గుడ్డను) వేడి ప్రెస్సు కింద గుడ్డకు అతికిస్తారు. మన టైలర్లు దీన్నే ఫ్యూజింగ్ అంటారు, పేస్టింగ్ అనీ అంటారు. క్యాన్వాస్ ఏళ్లు గడిచే కొద్దీ ఒంటి ఆకారానికి ఒదుగుతుంది. అతికించినది మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది, డ్రైక్లీనింగులు ఎక్కువైతే జిగురు వదిలి ఛాతీ మీద పొక్కులు లేస్తాయి. కింది గుండీ దగ్గర రెండు వేళ్లతో గుడ్డను, అస్తరును విడివిడిగా పట్టి లాగితే మధ్యలో మూడో పొర విడిగా తగిలితే అది క్యాన్వాస్, తగలకపోతే అతికించినది.

అయితే ఒక మాట. ఏడాదికి రెండు పెండ్లిళ్లకు తప్ప కోటు ముట్టని మనిషికి క్యాన్వాస్ కోటు మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. అతికించిన కోటు సరిగ్గా కోస్తే, సరిగ్గా కోయని క్యాన్వాస్ కోటు కన్నా నూరుపాళ్లు నయం.

గుడ్డ మీది అంకెలు

గుడ్డ అంచు మీద ముద్రించిన అంకెలు కొనేవాణ్ని బెదిరించడానికే పుట్టాయా అనిపిస్తుంది. ఉన్ని సూటింగ్ మీద సూపర్ 100, సూపర్ 120 అని ఉండేది ఉన్ని పోగు సన్నదనాన్ని చెప్పే అంకె. అంతర్జాతీయ ఉన్ని సంస్థ లెక్క ప్రకారం సూపర్ 100 అంటే పోగు మందం 18.75 మైక్రాన్లకు మించకూడదు, సూపర్ 120 అయితే 17.75, సూపర్ 150 అయితే 16.25. పది పెరిగిన ప్రతిసారీ అర మైక్రాను తగ్గుతుందన్నమాట. అంకె పెరిగితే మెత్తదనం పెరుగుతుంది, మన్నిక తగ్గుతుంది. రోజూ వేసుకునే కోటుకు 100, 110లే చాలు. ఇక అంకె ఎంత పెద్దదైనా అందులో పాలిస్టరు ఎంత కలిసిందో ఆ అంకె ఒక్కటే చెప్పదు, దాన్ని విడిగా అడగాలి.

నూలుకు, లినెన్‌కు వాడే అంకెల్లో ఇంకా పెద్ద మోసం ఉంది, ఎవరూ చేయని మోసం. 60 కౌంటు నూలు చొక్కా గుడ్డ, 60 లీ లినెన్ రెండూ ఒకే సన్నదనం అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (దారపు చుట్టలు) ఎన్ని వస్తే అది నూలు కౌంటు. లినెన్‌కు ఆ చిలప 300 గజాలే, దాన్నే లీ అంటారు. 60 లీ లినెన్ అంటే పౌనుకు 18,000 గజాల దారం. నూలు లెక్కలోకి మారిస్తే అది దాదాపు 21 కౌంటు. అంటే ఆ లినెన్ దారం 60 కౌంటు నూలు దారం కన్నా దాదాపు మూడింతలు బరువు. అది తప్పేమీ కాదు, లినెన్ అందం ఆ గరుకులోనే ఉంది, కానీ "రెండూ అరవైయే కదా" అని పోల్చి ధర అడగడం మాత్రం తప్పు.

వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన మా పెదనాన్న అంకెలు చూసేవాడు కాదు. గుడ్డ మూలను పిడికిట్లో పది లెక్కపెట్టే దాకా నలిపి వదిలి, ముడత ఎంత వేగంగా విచ్చుకుంటుందో చూసేవాడు. తర్వాత వెలుతురుకు పట్టి అల్లిక సందులు చూసేవాడు. మిల్లు మూతపడింది కానీ ఆ పరీక్షలు ఇప్పటికీ పనిచేస్తాయి. వీటికి తోడు నూలు, లినెన్ గుడ్డను కోయించకముందు ఒకసారి తడిపి నీడలో ఆరబెట్టాలి. ఆ పని టైలరు చేస్తాడని మనం, మనం చేసి తెచ్చామని టైలరు అనుకోవడం వల్ల మొదటి ఉతుకుకే చేయి అంగుళం కుదించుకుపోయిన చొక్కాలు చాలా ఇళ్లలో ఉన్నాయి.

స్మార్ట్ కాజువల్ అనే బ్రహ్మపదార్థం

వరంగల్ పక్కన మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగానికి వెళ్లే పిల్లలను, నిట్‌లో క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లలను ఎక్కువ తికమక పెట్టే మాట ఇది. ఫార్మల్ అంటే సూటు, టై. కాజువల్ అంటే టీషర్టు, జీన్స్. ఈ రెంటికీ మధ్య ఉన్నదానికి రాసిపెట్టిన నియమం లేదు కాబట్టి చాలామంది సూటులోంచి కోటును తీసి జీన్స్ మీద వేసుకుంటారు, అది ఎందుకు బాగాలేదో తెలియక బాధపడతారు. బాగాలేకపోవడానికి కారణం గుడ్డ. సూటు గుడ్డ నున్నగా, మెరుపుతో, భుజంలో మెత్తలతో ఉంటుంది, దాని జత ప్యాంటు లేకపోతే అది సగం వాక్యంలా కనిపిస్తుంది. విడిగా వేసుకునే కోటుకు గుడ్డ గరుకుగా, అల్లిక కనబడేలా ఉండాలి; భుజంలో మెత్త ఉండకూడదు లేదా నామమాత్రంగా ఉండాలి; జేబులు పైన కుట్టిన అతుకు జేబులైతే ఇంకా మంచిది. ఒకే కొలతలతో, ఒకే టైలరు కుట్టినా ఈ రెండూ రెండు జాతుల బట్టలు.

మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఎండలకు అస్తరు లేని కోటు ఒక్కటే దారి. అస్తరు లేకపోతే ఖర్చు తగ్గుతుందని అనుకోవద్దు, పెరగవచ్చు కూడా, ఎందుకంటే అస్తరు దాచిపెట్టే కుట్లన్నీ అప్పుడు బయటపడతాయి, ప్రతి మార్జినుకూ పట్టీ చుట్టి శుభ్రంగా ముగించాలి. మన మాస్టర్లలో చాలామందికి ఇది కొత్త. కానీ సఫారీ సూటు కుట్టిన తరానికి కొత్త కాదు. 1970, 80లలో ఆఫీసర్లు, హెడ్మాస్టర్లు తొడిగిన ఆ సఫారీ ఏమిటి మరి? అస్తరు లేదు, టై లేదు, అతుకు జేబులు, మెత్త లేని భుజం. మన ప్రాంతపు తొలి స్మార్ట్ కాజువల్ అదే. దాన్ని వెక్కిరించే ముందు అందులోని కోతను ఒకసారి చూడాలని నా విన్నపం, దాని రంగులను సమర్థించలేను.

ప్యాంటు విషయంలో చినోస్ అని అమ్ముతున్న ఆ మట్టిరంగు నూలు ప్యాంటు మనకు పరాయిది కాదు. ఖాకీ అనే మాట "ఖాక్", అంటే దుమ్ము నుంచి వచ్చింది; 1846లో పెషావరులో బ్రిటిష్ వాళ్లు ఏర్పరచిన గైడ్స్ అనే సైనిక దళం దుస్తుల రంగుగా సైన్యంలోకి ఎక్కి, అక్కడి నుంచి లోకమంతా తిరిగి బ్రాండు పేరుతో మన దగ్గరికి వచ్చింది. దీన్ని కుట్టించుకునేటప్పుడు బెల్టు ఎక్కడ కడతారో మాస్టరుకు చూపించాలి, చెబితే చాలదు. నాభి కింద రెండు అంగుళాలకు కట్టే మనిషికి, నాభి మీద కట్టే మనిషికి సీటు లోతు పూర్తిగా మారుతుంది, నడుము అంకె ఒకటే అయినా సరే.

ఇక టై లేని చొక్కాది చిన్న సంగతే కానీ అందరినీ పట్టించే సంగతి. మీది గుండీ తీసినప్పుడు కాలరు రెండు వైపులా కూలిపోయి కోటు కిందికి దూరుతుందా, నిలబడి ఉంటుందా అన్నది కాలరు పట్టీ ఎత్తు మీద, రెండో గుండీ చోటు మీద ఆధారపడుతుంది. పట్టీ ఒకటింపావు అంగుళానికి తగ్గకూడదు, లోపలి బకరం అట్టలా ఉండకూడదు. రెండో గుండీ మరీ కిందికి ఉంటే ఛాతీ బయటపడుతుంది, మరీ పైకి ఉంటే మెడ ఇరుకుతుంది. అద్దం ముందు గుండుసూది పెట్టి నిర్ణయించుకోవలసిన విషయం ఇది. చొక్కాను ఇన్‌షర్ట్ చేస్తారా, బయటికి వదులుతారా అన్నది కోయకముందే చెప్పాలి. బయటికి వదిలేది పొట్టిగా, అంచు దాదాపు తిన్నగా ఉండాలి. ఒకే చొక్కా రెండింటికీ పనికిరాదు.

పండుగల ముందు, ముహూర్తాల్లో ఏ మాస్టరుకూ మన వీపు చూసే తీరిక ఉండదు. బతుకమ్మ, దసరా దగ్గరపడ్డాక వెళ్లి ట్రయల్ అడిగితే ఆయన నవ్వకపోతే మర్యాదస్తుడని అర్థం. ఆషాఢంలో పెండ్లిళ్లుండవు, మిషన్లు ఖాళీగా ఉంటాయి, మాస్టరు చాయ్ తాగించి మాట్లాడతాడు. అప్పుడు వెళ్లి ఒకే ఒక్క చొక్కాకు గుడ్డ ఇచ్చి, కచ్చా కుట్టు మీద ఒకసారి చూసుకుంటానని, రెండో కుట్టుకు కూలి విడిగా ఇస్తానని ముందే చెప్పాలి. చొక్కా కుట్టుకూలి ఎంతైనా ఇంకా వందల్లోనే ఉంది; దాని మీద ఇంకో సగం ఇచ్చినా షోరూము చొక్కా ధరకు చేరదు. ఆ ఒక్క చొక్కా కుదిరాక దాని గీతను కాగితం మీద దింపి ఉంచమని అడగాలి. అదే మీ నమూనా. తర్వాతి పది చొక్కాలకు ట్రయల్ అక్కర్లేదు, పొట్ట పెరిగితే తప్ప.

హన్మకొండ మాస్టరు నా నమూనాను పాత పంచాంగం కాగితాలు అతికించి చేశాడు, గోడకు మేకు కొట్టి తగిలించాడు. ఆయన కొలతల పుస్తకంలో నా పేరు కింద ఛాతీ 39½, భుజం 17¾, చేయి 24½ అని అందరికీ ఉన్నట్టే అంకెలున్నాయి. వాటి పక్కన పెన్సిలుతో, కొట్టేసి మళ్లీ రాసిన అక్షరాల్లో ఇంకొక వరుస ఉంది: "కుడి పావు డౌను. వీపు గూని. మాట్లాడితె ముందుకు వంగుతడు."